అఫర్డబుల్ హౌసింగ్ స్థలాల్లో ఏడీయూలు కట్టడం ఎలా: కాలిఫోర్నియా జోనింగ్ పరిమితులపై సమగ్ర మార్గదర్శి

కాలిఫోర్నియాలో ఉండే తెలుగువాళ్లకి ఏడీయూ (యాక్సెసరీ డ్వెల్లింగ్ యూనిట్, అంటే ఉన్న ఇంటి స్థలంలోనే వేసుకునే చిన్న అదనపు ఇల్లు) గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. ఫ్రీమాంట్‌లోనో శాన్ హోసేలోనో పెరట్లో ఒక చిన్న ఇల్లు వేసుకుంటాం. అమ్మానాన్నలు వచ్చినప్పుడు ఉంటారు, మిగతా రోజుల్లో అద్దెకిస్తాం. ఏడీయూలకి దారిచ్చిన రాష్ట్ర చట్టం ఉపయోగం అక్కడితో ఆగదు. తక్కువ ఆదాయం ఉన్నవాళ్ల కోసం నడిచే అపార్ట్‌మెంట్ల ఆవరణలో కూడా ఇవే ఇళ్లు కట్టవచ్చు. అక్కడ భూమి ఉంది, రోడ్డు ఉంది, నీళ్లు, కరెంటు ఉన్నాయి, మేనేజర్ ఉన్నాడు. ఖాళీగా పడున్న స్టోర్‌రూములు, కార్లు సగమే నిండే కార్‌పోర్టులు కూడా ఉన్నాయి. కొత్త స్థలం కొని కొత్త భవనం లేపడానికి ఏళ్లు పట్టే చోట, ఉన్న ఆవరణలోనే మరికొన్ని కుటుంబాలకి చోటు చేయగలగడం చాలా పెద్ద విషయం.

ఈ మార్గదర్శి నాన్‌ప్రాఫిట్ హౌసింగ్ సంస్థల్లో పనిచేసేవాళ్ల కోసం, వాటి బోర్డుల్లో ఉన్నవాళ్ల కోసం, గుడి ట్రస్టులోనో సేవాసంస్థలోనో ఇలాంటి ప్రాజెక్టు తలపెట్టిన మనవాళ్ల కోసం. సిటీ పథకం కింద మార్కెట్ కంటే తక్కువ ధరకి వచ్చిన బీఎంఆర్ (బిలో మార్కెట్ రేట్) ఇంట్లో ఉంటూ వెనక ఒక గది కట్టుకోవచ్చా అని అడిగేవాళ్లకీ మధ్యలో ఒక భాగం ఉంది.

మొత్తం పనిలో నేను అన్నిటికంటే గట్టిగా చెప్పేది చదివే వరస గురించి. చాలామంది నేరుగా సిటీ జోనింగ్ పేజీ (ఏ స్థలంలో ఏం, ఎంత కట్టవచ్చో చెప్పే నియమాలు) తెరుస్తారు, అక్కడ ఏదో పరిమితి కనపడగానే ప్రాజెక్టు అయిపోయిందనుకుంటారు. ముందు రాష్ట్ర చట్టం చదవండి. తర్వాత మీ స్థలం మీద రిజిస్టర్ అయిన ఒప్పందాలు చదవండి. సిటీ తన పరిధిలో చేసుకున్న చట్టం, అంటే ఆర్డినెన్స్‌ది మూడో స్థానం. ఎందుకో ముందుకెళ్లేకొద్దీ తెలుస్తుంది.

మొదటి దశ: చట్టం ఏ మెట్టు మీద ఉందో తెలుసుకోండి

కాలిఫోర్నియాలో రెండో ఇంటి చట్టం 1982 నుంచీ ఉంది. కానీ నగరాలు పెద్ద లాట్ ఉండాలని, రెండు పార్కింగులు చూపించాలని, యజమాని అక్కడే ఉండాలని షరతులు పెట్టి దాన్ని కాగితానికే పరిమితం చేశాయి. 2017 జనవరి నుంచి అమల్లోకొచ్చిన సవరణలు ఆ పట్టు సడలించాయి. 2020 జనవరిలో వచ్చినవి ఇంకా బలమైనవి. ఆ తర్వాత దాదాపు ప్రతి ఏడాదీ ఏదో ఒక సవరణ వస్తూనే ఉంది.

2024 మార్చిలో ఈ సెక్షన్లన్నిటికీ నంబర్లు మారాయి. పాత 65852.2 ఇప్పుడు లేదు. గవర్నమెంట్ కోడ్‌లో 66310 నుంచి 66342 వరకు చూడాలి. మీ సిటీ ఆర్డినెన్స్‌లో ఇంకా పాత నంబరే కనిపిస్తే దాన్ని ఈమధ్య ఎవరూ సవరించలేదని అర్థం. లోపలి నియమాలు కూడా పాతవే అయ్యుండే అవకాశం ఎక్కువ. రాష్ట్ర చట్టానికి సరిపోని ఆర్డినెన్స్ చెల్లదు. సిటీ దాన్ని సరిచేసే వరకూ రాష్ట్ర ప్రమాణాలే వర్తిస్తాయి. కౌంటర్ దగ్గర ఈ మాట చాలాసార్లు అక్కరకొస్తుంది.

రెండో దశ: మీ స్థలం ఏ కోవలోకి వస్తుందో తేల్చుకోండి

రాష్ట్ర చట్టం స్థలాన్ని బట్టి హక్కులిస్తుంది. అద్దె తక్కువా ఎక్కువా అన్నది ఇక్కడ లెక్కలోకి రాదు.

మీ సంస్థ దగ్గర ఒక మామూలు ఒంటి ఇల్లు ఉందనుకోండి. ఉన్న కట్టడంలో, ఉదాహరణకి గరాజ్‌లో, ఒక ఏడీయూ చేసుకోవచ్చు. పెరట్లో విడిగా 800 చదరపు అడుగుల్లోపు ఇంకొకటి కట్టవచ్చు. ఇంటి గోడల లోపలే 500 చదరపు అడుగులు మించని జూనియర్ ఏడీయూ ఒకటి తీయవచ్చు. అసలు ఇంటితో కలిపితే ఒక్క లాట్‌లో నాలుగు కుటుంబాలు. జూనియర్ ఏడీయూ బాత్‌రూమ్ అసలు ఇంటితో ఉమ్మడిగా ఉంటే యజమాని అక్కడ ఉండాలన్న షరతు ఉంటుంది కదా, సంస్థ ఎలా ఉంటుంది అని అనుమానం రావచ్చు. యజమాని ప్రభుత్వ సంస్థో, ల్యాండ్ ట్రస్టో, హౌసింగ్ సంస్థో అయితే ఆ షరతు నుంచి చట్టమే మినహాయింపు ఇచ్చింది. ఇది చాలామందికి తెలియక జూనియర్ యూనిట్‌ని ప్లానులోంచి తీసేస్తారు. తీసేయకండి.

రెండో కోవ ఇప్పటికే నడుస్తున్న అపార్ట్‌మెంట్ కాంప్లెక్స్. అఫర్డబుల్ ప్రాజెక్టులకి అసలు అవకాశం ఇక్కడే ఉంది. ఇక్కడ రెండు హక్కులున్నాయి, రెంటినీ కలిపి వాడుకోవచ్చు. ఒకటి, మనుషులు నివసించని భాగాలని, అంటే స్టోర్‌రూములు, బాయిలర్ రూములు, నడవాలు, బేస్‌మెంట్లు, గరాజ్‌లని ఇళ్లుగా మార్చడం. ఉన్న యూనిట్ల సంఖ్యలో 25 శాతం దాకా ఇలా చేయవచ్చు, కనీసం ఒకటైనా ఇవ్వాల్సిందే. రెండు, ఆవరణలో విడిగా కొత్తవి కట్టడం. 2024 వరకు వీటికి రెండే హద్దు. ఎస్‌బీ 1211 అనే రాష్ట్ర చట్టం వచ్చాక, 2025 జనవరి నుంచి ఎనిమిది దాకా కట్టవచ్చు. అయితే ఉన్న యూనిట్ల సంఖ్యని అవి దాటకూడదు. ఆరు యూనిట్ల భవనమైతే ఆరే.

మూడోది ఇంకా కాగితం మీదున్న కొత్త అపార్ట్‌మెంట్ ప్రాజెక్టు. దానికి విడి ఏడీయూలు రెండే. ఎనిమిది కావాలంటే భవనం అప్పటికే కట్టి ఉండాలి. కొత్త ప్రాజెక్టులో ఎక్కువ ఇళ్లు కావాలనుకునేవాళ్లకి, అఫర్డబుల్ ఇళ్లు చేర్చినందుకు అదనపు ఇళ్లకి అనుమతిచ్చే డెన్సిటీ బోనస్ చట్టమే సరైన దారి. ఏడీయూలతో ఆ లోటు పూడ్చాలని చూడటం వృథా ప్రయాస.

మూడో దశ: రెండు దారుల్లో ఏది మీదో నిర్ణయించుకోండి

పైన చెప్పిన హక్కులన్నీ సెక్షన్ 66323 కిందవి. ఈ దారిలో వెళ్తే ఆ సెక్షన్‌లో రాసినవి తప్ప సిటీ తన సొంత జోనింగ్ షరతులు పెట్టకూడదు. లాట్ కవరేజీ (లాట్‌లో ఎంత భాగం మీద కట్టవచ్చో), ఫ్లోర్ ఏరియా రేషియో (లాట్ సైజుకి మొత్తం అంతస్తుల వైశాల్యం నిష్పత్తి), ఓపెన్ స్పేస్, కనీస లాట్ సైజు, డిజైన్ గైడ్‌లైన్లు, ఏవీ ఈ యూనిట్లని ఆపలేవు.

ఇంకో దారి సెక్షన్ 66314, అంటే సిటీ ఆర్డినెన్స్ ప్రకారం వెళ్లడం. ఇల్లు ఇంకాస్త పెద్దది కావాలంటే ఈ దారి పట్టాలి. ఇందులో సిటీకి కొన్ని పరిమితులు పెట్టే అధికారం ఉంది, అయితే అవి కొలవగలిగేవై ఉండాలి. "పరిసరాలకి నప్పేలా ఉండాలి" అనే వాక్యం కొలత కాదు, అభిప్రాయం. "గోడ రంగు అసలు భవనం రంగే ఉండాలి" అంటే అది కొలత. మీ ఆర్డినెన్స్ చదివేటప్పుడు ఇలాంటి మెత్తటి వాక్యాల కింద గీత గీసుకోండి, తర్వాత పనికొస్తాయి.

అఫర్డబుల్ ప్రాజెక్టుకి నా సలహా ఎప్పుడూ ఒకటే: సాధ్యమైనంత వరకు 66323 దారిలోనే ఉండండి. వంద చదరపు అడుగుల కోసం రెండో దారికి వెళ్తే మీరు వదులుకునే రక్షణ ఎక్కువ. అప్లికేషన్ మొదటి పేజీలోనే ఏ సెక్షన్ కింద అడుగుతున్నారో రాయండి. అది రాయకపోతే ప్లానర్ తన చెక్‌లిస్టే పట్టుకుంటాడు, అది 66314ది అయ్యుంటుంది.

నాలుగో దశ: పరిమితులని ఒక్కొక్కటిగా సరిచూడండి

సైజు: సిటీ దారిలో వెళ్తే, సిటీ పెట్టే గరిష్ఠ పరిమితి స్టూడియోకి లేదా ఒక బెడ్‌రూమ్ ఇంటికి 850 చదరపు అడుగుల కంటే, అంతకంటే ఎక్కువ బెడ్‌రూములుంటే 1,000 కంటే తక్కువ ఉండకూడదు.

ఎత్తు: విడి యూనిట్‌కి 16 అడుగులు. పెద్ద ట్రాన్సిట్ స్టాప్‌కో, బస్సులు తరచుగా తిరిగే కారిడార్‌కో అర మైలు లోపుంటే 18 అడుగులు, పైకప్పు వాలు కోసం మరో రెండడుగులు. ఉన్న అపార్ట్‌మెంట్ ఒకటి కంటే ఎక్కువ అంతస్తులదైతే ట్రాన్సిట్ దగ్గర లేకపోయినా 18 అడుగులు ఇవ్వాలి. అసలు ఇంటికి ఆనించి కట్టేదైతే 25 అడుగులు లేదా ఆ జోన్‌లో ఇంటికిచ్చే ఎత్తు, ఏది తక్కువైతే అది.

సెట్‌బ్యాక్: హద్దు నుంచి పక్కనా వెనకా నాలుగు అడుగులు వదలాలి. ఉన్న కట్టడాన్ని మారుస్తుంటే అది కూడా అడగరు. అయితే ఇక్కడ ఒక చిక్కుంది. జోనింగ్ నాలుగు అడుగులు చాలంటుంది. బిల్డింగ్ కోడ్ మాత్రం, మంటలార్పే స్ప్రింక్లర్లు లేని ఇంటి గోడ హద్దుకి ఐదు అడుగుల లోపుంటే గంటసేపు మంటని ఆపే గోడ కావాలంటుంది, కిటికీల వైశాల్యం కూడా తగ్గిస్తుంది. వెనక గోడకే అన్ని కిటికీలూ గీసిన ప్లాను ఇక్కడ దెబ్బతింటుంది. కిటికీలని ఆవరణ వైపు తిప్పండి. లేదంటే ఇంకో అడుగు వదిలేయండి.

పార్కింగ్: సిటీ అడగగలిగేది యూనిట్‌కి ఒకటి లేదా బెడ్‌రూమ్‌కి ఒకటి, ఏది తక్కువైతే అది. పబ్లిక్ ట్రాన్సిట్‌కి నడక దూరం అర మైలు లోపుంటే అదీ అడగకూడదు. ఇక్కడ పబ్లిక్ ట్రాన్సిట్ అంటే బార్ట్ స్టేషనే కానక్కర్లేదు, నిర్ణీత రూటులో టికెట్ తీసుకుని అందరూ ఎక్కగలిగే బస్సు ఆగే మామూలు స్టాప్ చాలు. ఎత్తుకి కావలసిన "పెద్ద స్టాప్" నిర్వచనం వేరు, పార్కింగ్‌కి సరిపోయే నిర్వచనం వేరు. కౌంటర్‌లో ఈ రెండూ కలిపేసి చెప్తుంటారు. గరాజో కార్‌పోర్టో తీసేసి కడితే, పోయిన పార్కింగ్‌ని వేరే చోట చూపించమని అడగకూడదు. ఎస్‌బీ 1211 ఈ రక్షణని పైకప్పు లేని పార్కింగ్ గడులకీ చేర్చింది.

డెన్సిటీ: చట్టానికి లోబడిన ఏడీయూ ఆ లాట్‌కి అనుమతించిన ఇళ్ల సంఖ్యని మించినట్టు లెక్క కాదు. "మీ స్థలంలో ఇప్పటికే నిండా యూనిట్లున్నాయి" అన్న అభ్యంతరం ఇక్కడ నిలవదు.

ఫీజులు: 750 చదరపు అడుగుల లోపు యూనిట్‌కి ఇంపాక్ట్ ఫీజు (కొత్త ఇళ్ల వల్ల రోడ్లు, పార్కుల లాంటి వాటి మీద పడే భారానికి వసూలు చేసేది) లేదు. దాటితే అసలు ఇంటి సైజుతో పోల్చి దామాషాలోనే వేయాలి. నీటి, మురుగు కనెక్షన్ ఛార్జీలు ఇందులోకి రావు, వాటి లెక్క వేరు. స్కూల్ డిస్ట్రిక్ట్ ఫీజు 500 చదరపు అడుగులు దాటితే రావచ్చు. సన్నటి బడ్జెట్‌తో నడిచే ప్రాజెక్టులో 490కి 510కి మధ్య తేడా ఇక్కడ కనిపిస్తుంది.

యజమాని నివాసం: ఏడీయూకి ఈ షరతు పెట్టడాన్ని రాష్ట్రం నిషేధించింది. మొదట్లో తాత్కాలికంగా ఉన్న ఈ నిషేధాన్ని 2023లో వచ్చిన ఏబీ 976 శాశ్వతం చేసింది. సంస్థలు ఊపిరి పీల్చుకున్నది అప్పుడే.

స్ప్రింక్లర్లు: అసలు ఇంటికి అవసరం లేకపోతే ఏడీయూకీ అడగకూడదు.

ఐదో దశ: కాగితం మీద ఒక లెక్క వేసి చూడండి

ఒక ఉదాహరణ తీసుకుందాం. 40 ఇళ్ల రెండంతస్తుల అఫర్డబుల్ కాంప్లెక్స్. వెనక హద్దు పొడవునా ఒక్క వరసలో 40 కార్లు పట్టే కార్‌పోర్ట్. కింది అంతస్తులో మూడు స్టోర్‌రూములు. ఎదురుగా బస్ స్టాప్.

చట్టం ప్రకారం మార్పిడి యూనిట్లు పది దాకా, విడివి ఎనిమిది, వెరసి 18. చట్టం ఇచ్చిన సంఖ్య ఇది. స్థలం ఇచ్చే సంఖ్య వేరు. మార్చడానికి మూడు స్టోర్‌రూములే ఉన్నాయి, అందులో ఒకదానికి కిటికీ పెట్టడానికి బయటి గోడే లేదు. పడుకునే గదికి అత్యవసరంగా బయటపడే కిటికీ తప్పనిసరి. కాబట్టి రెండే లెక్కేసుకోండి.

ఇక కార్‌పోర్ట్. ఒక గడి సుమారు 9 అడుగుల వెడల్పు, 20 అడుగుల లోతు ఉంటుంది. వెనక నాలుగు అడుగులు వదిలితే 16 మిగులుతుంది. మూడు గడులు కలిపితే 27 అడుగుల వెడల్పు. 16 ఇంటూ 27 అంటే 432 చదరపు అడుగులు. ఒక బెడ్‌రూమ్, చిన్న హాలు, వంటగది, బాత్‌రూమ్ పడతాయి. 500 లోపే కాబట్టి స్కూల్ ఫీజు లేదు, 750 లోపే కాబట్టి ఇంపాక్ట్ ఫీజూ లేదు. ఎనిమిది యూనిట్లకి 24 గడులు పోతాయి, 16 మిగులుతాయి. యూనిట్లు ఒకదాని గోడ ఒకటి ఆనుకుని ఉంటే బిల్డింగ్ కోడ్ వాటికి వేరే నియమాలు పెడుతుంది. మధ్యలో సందు వదిలితే గడులు ఇంకా పోతాయి. ఇది ఆర్కిటెక్ట్‌తో మొదటి మీటింగ్‌లోనే తేల్చుకోవాల్సిన విషయం.

కార్‌పోర్ట్ ముందున్న డ్రైవ్‌వే ఫైర్ ఇంజిన్ దారి కూడా అయితే 20 అడుగుల వెడల్పు ఖాళీగా ఉండి తీరాలి. మెట్లు, ఏసీ బాక్సులు, చెత్త డబ్బాలు అందులోకి రాకూడదు. జోనింగ్ వాళ్లు సరే అన్నాక ఫైర్ డిపార్ట్‌మెంట్ ఆపేది ఎక్కువగా ఈ దగ్గరే.

పోయే 24 గడుల మాట. చట్టం అడగకపోవచ్చు, కానీ అక్కడ ఉండేవాళ్లు అడుగుతారు, అడగాలి కూడా. రాత్రి షిఫ్టు దిగి తెల్లవారుజామున ఇల్లు చేరే మనిషికి కారు పెట్టుకోవడానికి చోటు లేకపోతే ఆ కష్టం చిన్నది కాదు. లీజులో పార్కింగ్ ఇస్తామని రాసుంటే అది మీరిచ్చిన మాట. ఓ రెండు వారాల పాటు రాత్రి పది తర్వాత ఎన్ని గడులు నిండుతున్నాయో లెక్కపెట్టించండి. 24 గడులు ఖాళీగా ఉంటుంటే ఎనిమిదీ కట్టండి. 12 గడులే ఖాళీగా ఉంటుంటే నాలుగే కట్టండి. ఉన్నవాళ్లని ఇబ్బంది పెట్టి కొత్తవాళ్లకి ఇల్లు కట్టడం నేను ఒప్పుకోను.

ఆరో దశ: రిజిస్టర్ అయిన ఒప్పందాలు తెరవండి

అఫర్డబుల్ ప్రాజెక్టులో నిజమైన అడ్డంకి ఎక్కువగా జోనింగ్ కాదు, టైటిల్ రిపోర్టులో (ఆస్తి ఎవరిదో, దాని మీద ఏ ఒప్పందాలున్నాయో చూపే పత్రం) దాక్కున్న కాగితాలు. టైటిల్ కంపెనీ నుంచి తాజా రిపోర్టు తెప్పించి, అందులో ఉన్న ప్రతి ఒప్పందాన్నీ పూర్తిగా చదవండి.

టాక్స్ క్రెడిట్‌తో (పెట్టుబడి పెట్టినవారికి ఇచ్చే పన్ను రాయితీ) కట్టిన ప్రాజెక్టైతే రాష్ట్ర టాక్స్ క్రెడిట్ కమిటీతో రెగ్యులేటరీ అగ్రిమెంట్, అంటే షరతుల ఒప్పందం ఉంటుంది. కాలిఫోర్నియాలో మామూలుగా దాని గడువు 55 ఏళ్లు. మొత్తం యూనిట్లెన్ని, ఏ ఆదాయం వారికి ఎన్ని, కామన్ ఏరియాలో ఏమేమి ఉన్నాయి అన్నది అందులో రాసుంటుంది. మీరు ఇంటిగా మార్చాలనుకున్న స్టోర్‌రూము అక్కడ "నివాసితుల సౌకర్యం" అని రాసి ఉండవచ్చు. సిటీ లోను, కౌంటీ లోను, రాష్ట్ర హౌసింగ్ శాఖ లోను ఉంటే ఒక్కోదానికి ఒక్కో అగ్రిమెంట్. బ్యాంకు మార్టిగేజ్‌లో కూడా అనుమతి లేకుండా కొత్త కట్టడం కట్టకూడదని ఉంటుంది. ఏడీయూ చట్టం సిటీ జోనింగ్ అధికారాన్ని కట్టడి చేస్తుంది. మీరు సంతకం పెట్టిన ఒప్పందాన్ని మాత్రం అది రద్దు చేయదు.

అందుకే ప్లాన్లు గీయించక ముందే అందరికీ ఒకే ఉత్తరం రాయండి. ఎన్ని యూనిట్లు, ఎక్కడ, ఎంత ఆదాయం వారికి, డబ్బు ఎక్కడిది, ఉన్న యూనిట్లలో ఏమీ మారదన్న హామీ, ఇవన్నీ ఒక పేజీలో. జవాబులు నెలల తరబడి ఆలస్యం కావచ్చు. సిటీ పర్మిట్‌కి 60 రోజులైతే ఒక లెండర్ సంతకానికి అంతకు రెట్టింపు పట్టినా ఆశ్చర్యం లేదు. టెన్షన్ పడకుండా ఉండాలంటే ఈ పని అన్నిటికంటే ముందు మొదలవ్వాలి.

ఆస్తి పన్ను సంగతి కూడా ఇక్కడే చూసుకోండి. నాన్‌ప్రాఫిట్ అద్దె ఇళ్లకి వెల్ఫేర్ ఎగ్జెంప్షన్ అనే పన్ను మినహాయింపు తక్కువ ఆదాయం వారు ఉన్న మేరకే వర్తిస్తుంది. కొత్త యూనిట్లని మార్కెట్ అద్దెకిస్తే వాటి మేరకి పన్ను పడుతుంది.

బీఎంఆర్ ఇల్లు కొనుక్కున్న కుటుంబాలకి: మీ డీడ్‌తో పాటు రిజిస్టర్ అయిన ఒప్పందంలో ఇల్లు అద్దెకివ్వడం గురించి, కొత్త కట్టడాల గురించి, తిరిగి అమ్మేటప్పుడు ఆ ఖర్చు ధరలో కలుస్తుందా లేదా అన్నదాని గురించి ఏం రాసిందో చూడండి. ఏడీయూ కట్టే హక్కు జోనింగ్ ప్రకారం ఉన్నా, అమ్మేటప్పుడు పెట్టిన డబ్బు తిరిగి రాని నియమం ఉంటే మీ నష్టం మీదే. సిటీ హౌసింగ్ డిపార్ట్‌మెంట్ నుంచి రాతపూర్వకంగా జవాబు తీసుకోకుండా కాంట్రాక్టర్‌కి అడ్వాన్సు ఇవ్వకండి. హెచ్‌ఓఏ (ఇళ్ల యజమానుల సంఘం) ఉంటే, ఒంటి ఇళ్ల లాట్లలో ఏడీయూని పూర్తిగా నిషేధించే అధికారం దానికి లేదు. సమంజసమైన షరతులు మాత్రం పెట్టవచ్చు.

ఏడో దశ: బడ్జెట్‌లో జోనింగ్‌కి బయట ఉన్నవి కలపండి

ప్రభుత్వ డబ్బు ముట్టుకుంటే కూలి రేట్లు మారవచ్చు. ప్రివెయిలింగ్ వేజ్ (ప్రభుత్వం నిర్ణయించిన కనీస కూలి రేటు) వర్తిస్తుందో లేదో లాయర్‌తో ముందే తేల్చుకోండి. పని సగంలో తెలిస్తే ప్రాజెక్టు కోలుకోదు.

అలాగే వికలాంగులకి అనువైన ఇళ్ల లెక్క. ఫెడరల్ నిధులతో కొత్తగా కట్టే వాటిలో సెక్షన్ 504 నియమం 5 శాతం యూనిట్లు వీల్‌చైర్‌కి, మరో 2 శాతం వినికిడి లేదా చూపు సమస్యలున్నవారికి అనువుగా ఉండాలంటుంది. నేల మీద, మెట్లు లేకుండా కట్టే ఈ చిన్న ఇళ్లు వృద్ధులకి, వీల్‌చైర్ వాడేవారికి ఎంతో సరిపోతాయి. నియమం ఎంత అడిగిందో అంతే చేసి ఆపకండి. తలుపులన్నీ వెడల్పుగా పెట్టడానికి ఈ దశలో అయ్యే ఖర్చు తక్కువ.

కొత్తగా విడిగా కట్టే యూనిట్‌కి మామూలుగా సోలార్ పెట్టాలి. ఉన్న గదిని మారిస్తే అక్కర్లేదు. కరెంటు ప్యానెల్ సామర్థ్యం, మురుగు పైపు వాలు రెండూ మొదటి నెలలోనే పరీక్ష చేయించండి.

ఎనిమిదో దశ: అప్లికేషన్ వేయండి, 60 రోజులు లెక్కపెట్టండి

పూర్తి అప్లికేషన్ అందిన 60 రోజుల్లో సిటీ పర్మిట్ ఇవ్వాలి, లేదా కాదనాలి. పబ్లిక్ హియరింగ్ లేదు, ఇరుగుపొరుగు అభ్యంతరాల మీద ఓటింగ్ లేదు. కాదంటే ఏ లోపముందో, ఎలా సరిచేయాలో పూర్తి జాబితా రాసివ్వాలి. గడువు లోపల ఏమీ చెప్పకపోతే ఆమోదించినట్టే లెక్క. విడిగా ఉన్న గరాజ్‌ని పడగొట్టే పర్మిట్‌ని కూడా ఏడీయూ పర్మిట్‌తో కలిపే చూడాలి, విడిగా తిప్పకూడదు. కొత్త భవనంతో కలిపి వేసిన అప్లికేషన్‌కి మాత్రం ఈ గడియారం వేరు. ప్రధాన భవనం పర్మిట్ తేలేదాకా సిటీ ఆగవచ్చు.

అందుకే "పూర్తి" అన్న మాట మీదే అంతా ఆధారపడి ఉంటుంది. సిటీ చెక్‌లిస్ట్‌లోని ప్రతి గడికీ ఏ షీట్‌లో జవాబుందో రాసివ్వండి. అందినట్టు తేదీతో సహా ఈమెయిల్ తీసుకోండి. నగరాలన్నీ ముందే ఆమోదించిన ఏడీయూ ప్లాన్ల పథకం ఒకటి 2025 జనవరి నాటికి పెట్టాలని చట్టం చెప్పింది. మీ సిటీ సైట్‌లో చూడండి, ఒక్క ఆవరణలో ఒకే రకం ఇళ్లు కొన్ని కట్టేవాళ్లకి అది డిజైన్ ఖర్చు తగ్గిస్తుంది.

పాత కట్టడంలో ఎక్కడో జోనింగ్‌కి సరిపడని లోపముంది, ముందు అది సరిచేస్తేనే ఏడీయూ పర్మిట్ ఇస్తాం అంటే, అలా అనడానికి లేదు. ప్రజల ఆరోగ్యానికో భద్రతకో ముప్పుంటే సంగతి వేరు.

తొమ్మిదో దశ: సిటీ కాదంటే

గొడవ పడకండి, ఉత్తరం రాయండి. ఏ షరతు పెట్టారో ఆర్డినెన్స్ వాక్యం, దాని పక్కన రాష్ట్ర చట్టం సెక్షన్, రెండూ ఎదురెదురుగా. ఆ ప్లానర్‌కి కూడా పైవాళ్లకి చూపించుకోవడానికి కాగితం కావాలి. అప్పటికీ కదలకపోతే రాష్ట్ర హౌసింగ్ అండ్ కమ్యూనిటీ డెవలప్‌మెంట్ శాఖకి రాయండి. నగరాలు తమ ఏడీయూ ఆర్డినెన్స్‌ని ఆమోదించిన 60 రోజుల్లో ఈ శాఖకే పంపాలి, అది తప్పులెత్తి చూపుతూ ఇచ్చిన లేఖలు శాఖ సైట్‌లో అందరికీ కనిపిస్తాయి. మీ సిటీకి అలాంటి లేఖ వచ్చిందేమో ముందే వెతికిపెట్టుకోండి. ఆ ఒక్క కాగితం చాలా వాదనని మిగులుస్తుంది.

అదనంగా ఇస్తామనే నగరాల సంగతి

కొన్ని నగరాలు రాష్ట్రం చెప్పిన దానికంటే ఎక్కువ ఇస్తాయి. శాన్ డియాగో ఒక పథకం పెట్టింది: ఒక ఏడీయూని తక్కువ అద్దెకిస్తానని డీడ్‌లో రాసిస్తే, బదులుగా మార్కెట్ అద్దెకిచ్చుకునే మరో ఏడీయూకి అనుమతి. ట్రాన్సిట్ దగ్గర ఈ సంఖ్యకి హద్దే లేకపోవడంతో ఒంటి ఇళ్ల వీధుల్లో పెద్ద పెద్ద ప్రాజెక్టులు వచ్చాయి, వ్యతిరేకత పెరిగింది. 2025 జూన్‌లో కౌన్సిల్ లాట్ సైజుని బట్టి హద్దులు పెట్టింది. సిటీ ఇచ్చిన బోనస్‌ని సిటీ వెనక్కి తీసుకోగలదు. రాష్ట్ర చట్టం ఇచ్చిన సంఖ్యని తీసుకోలేదు. మీ ఆర్థిక లెక్క రాష్ట్ర సంఖ్య మీదే నిలబడాలి, బోనస్ వస్తే అది లాభం.

సియాటిల్ వైపు ఉన్నవాళ్లకి ఒక మాట: వాషింగ్టన్ రాష్ట్రం 2023లో చేసిన హెచ్‌బీ 1337 చట్టం పట్టణ ప్రాంతాల్లో లాట్‌కి రెండు ఏడీయూలు అనుమతించాలంటుంది, యజమాని అక్కడే ఉండాలన్న షరతు కుదరదంటుంది. వివరాలు వేరే, చదివే వరస మాత్రం ఇదే.

పదో దశ: అద్దెకా, అమ్మకానికా?

ఏడీయూని విడిగా అమ్మడం మామూలుగా కుదరదు. రెండు మినహాయింపులున్నాయి.

మొదటిది నాన్‌ప్రాఫిట్ల కోసమే. హాబిటాట్ ఫర్ హ్యుమానిటీ లాగా వడ్డీ లేని అప్పుతో ఇళ్లు కట్టించే అర్హత ఉన్న సంస్థ ఆ స్థలంలో ఇళ్లు కడితే, ఏడీయూని తక్కువ లేదా మధ్యస్థ ఆదాయం ఉన్న కుటుంబానికి అమ్మవచ్చు. సిటీ అనుమతించి తీరాలి. షరతులు గట్టివే. ఇద్దరు యజమానులూ భూమిని టెనెన్సీ ఇన్ కామన్ కింద, ఇంటి సైజుకి తగ్గ వాటాలతో ఉమ్మడిగా ఉంచుకోవాలి. కొన్నవాళ్లు అందులోనే కాపురం ఉండాలి. అమ్మాలనుకుంటే ముందు సంస్థకే చెప్పాలి. 45 ఏళ్ల పాటు అది తక్కువ ఆదాయం వారి ఇల్లుగానే కొనసాగాలి. మురుగు పైపు పగిలితే ఎవరు బాగుచేయించాలి, ఇన్సూరెన్స్ ఎవరి పేరు మీద ఉండాలి అన్నది ఉమ్మడి ఒప్పందంలో వివరంగా రాయించండి. అన్నదమ్ముల వాటాల పంపకంలో మనం చూసే తగాదాలన్నీ ఇక్కడా వస్తాయి.

రెండోది 2023 నాటి ఏబీ 1033. ఏడీయూని కాండోగా విడదీసి అమ్మడానికి సిటీ ఇష్టపడితే అనుమతించవచ్చు. శాన్ హోసే 2024లో అందరికంటే ముందు దీన్ని అమలు చేసింది. ఇక్కడ కొనేవారి ఆదాయంతో పనిలేదు కాబట్టి, అఫర్డబుల్‌గా ఉండాలంటే ఆ షరతు మీరే విడిగా డీడ్‌లో రాయించుకోవాలి.

అద్దె దారిలో వెళ్తే 66323 యూనిట్లని 30 రోజులు మించిన గడువుకే ఇవ్వాలి, కాబట్టి ఎయిర్‌బీఎన్‌బీ ఆలోచన ఉండదు. అద్దె లెక్క మీ కౌంటీ మధ్యస్థ ఆదాయాన్ని బట్టి ఉంటుంది. 80 శాతం దాకా తక్కువ ఆదాయం, 50 దాకా బాగా తక్కువ, 30 దాకా అత్యల్పం. ఈ అంకెలని రాష్ట్రం ఏటా ప్రకటిస్తుంది. అద్దె పరిమితిలోంచి, అద్దెకుండేవారు కట్టుకునే కరెంటు, గ్యాస్ ఖర్చుకి యుటిలిటీ అలవెన్సు తీసేయాలి. చిన్న ఏడీయూలకి విడి మీటర్లు పెట్టినప్పుడు ఇది మర్చిపోయి పరిమితికి మించి వసూలు చేసినవాళ్లున్నారు.

కొత్త యూనిట్లకి ప్రత్యేకంగా అడ్రసులు వేయించండి, ఫైర్ డిపార్ట్‌మెంట్‌కీ పోస్టాఫీసుకీ తెలియజేయండి. వెయిటింగ్ లిస్టు తెరిచే తేదీని ఇంగ్లిష్‌తో పాటు ఆ చుట్టుపక్కల మాట్లాడే భాషల్లోనూ అంటించండి. ఫ్రీమాంట్, మిల్పిటాస్, సన్నీవేల్ లాంటి చోట్ల అందులో తెలుగు కూడా ఉండాలి. పిల్లల దగ్గరికొచ్చి ఇక్కడే స్థిరపడిన, సొంత ఆదాయం పెద్దగా లేని మన పెద్దవాళ్లలో చాలామందికి ఇలాంటి లిస్టులు ఉంటాయనే తెలియదు. అప్లికేషన్ నింపడానికి శనివారం పూట ఒక మనిషిని అక్కడ కూర్చోబెట్టండి.